మంచుబండి నడపిన ముచ్చట

గడచిన శీతకాలమున మావారితో కాశ్మీరమందలి గుల్మార్గునకు పోయితిని. సుమారు 8,700 అడుగుల ఎత్తుననున్న ఆ మైదానమంతయు మంచుతో కప్పబడి యుండెను. అచట స్నోమొబైలను బండ్లు అద్దెకు దొరకును. చక్రములు లేవు, ముందు రెండు స్కీ పలకలు, వెనుక తిరుగుచుండు రబ్బరు పట్టా.

బండివాడు నా వెనుక కూర్చుండి హ్యాండిలు నా చేతికిచ్చెను. ముందుపోయినవారి చాళ్లలోనికి బండి మాటిమాటికి జారుచుండగా నేను బలముకొలది ఇవతలకు లాగుచుంటిని. కొంతదూరమునకే మణికట్లు తీపులు పెట్టెను. దిగిపోదునా యనుకొంటిని. ఆ వృద్ధుడు నవ్వి, "అమ్మా, పిడికిలి బిగింపకుము. చేతులతో గాదు, దేహముతో త్రిప్పుము" అని హిందీలో చెప్పెను.

బండి నాపి, స్కీ అడుగుననున్న ఇనుపకడ్డీని చూపెను. మంచును కోసి బండిని త్రిప్పునది అదియే. అరిగినచో బండి మాట వినదు; మరీ గట్టిగా కరచినచో హ్యాండిలు బరువెక్కును. ముందరి స్ప్రింగుల బిగువు హెచ్చినను అదే బాధ. దినమెల్ల నడిపి పొట్టపోసికొనువానికి భుజములే గదా ఆస్తి!

తరువాతి వంపున వేగము తగ్గించి లోపలివైపునకు ఒరిగితిని. బండి సులువుగా తిరిగెను. రుబ్బురోలు త్రిప్పిన చేతులని గర్వపడితిని గాని, నన్ను అలయించినది ఆ బలమే.

మరునాడు మావారు నడపిరి. పిడికిలి బిగింపవలదని ముందుగనే చెప్పితిని, వినలేదు. ఆ రాత్రి వారి భుజములకు తైలము రాచినది నేనే.