గాజుతొట్టిలోని పగడములకు వెలుతురు

పగడమనగానే మన స్త్రీలకు మొదట తోచునది మంగళసూత్రమున నల్లపూసల నడుమ గ్రుచ్చుకొను ఎఱ్ఱని పూస. సంస్కృతమున దానిని విద్రుమమనియు ప్రవాళమనియు వ్యవహరింతురు. ప్రవాళమనగా లేజిగురని కూడ నర్థము. ఆ పూసకు వలసిన పగడము మధ్యధరాసముద్రమున మసకచీకటి గల లోతులలో పెరుగును. దానికి వెలుతురుతో పని లేదు. తమ స్త్రీలు హిందూదేశపు ముత్యములను మెచ్చునట్లే హిందూదేశమువారు పగడములను మెత్తురని రోమను గ్రంథకర్త ప్లినీ మొదటి శతాబ్దముననే వ్రాసెను. ఇచ్చిపుచ్చుకొనుట నాటినుండియు నున్నదే.

మేమిచట చెప్పబోవునది వేఱొక జాతి పగడము. అది వెలుతురు లేనిచో బ్రతుకజాలదు. దానిని కొత్తపేటలో, కొబ్బరితోటల నడుమ, ఒక బడిపంతులుగారి యింట పెంచుచున్నామన్నచో నవ్వువారు నవ్వుదురు గాక. అంతర్వేది సముద్రము మాకు దూరము కాదు. కాని అచట పగడపు దిబ్బ యొక్కటియు లేదు. గోదావరి మోసికొనివచ్చు ఒండ్రుమట్టియు మంచినీరును వాటికి గిట్టవు. మన దేశమున నవి మన్నారు సింధుశాఖయందును, పాక్ అఖాతమునందును, కచ్ తీరమునను, అండమాను నికోబారులలోను, లక్షదీవులలోను కలవు.

మా మరిది చెన్నపట్టణమున ఉద్యోగము చేయుచు సరదాకు పెంచిన తొట్టిని, విదేశమునకు పోవుచు మాకు వదలిపోయెను. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు. నిండుగ పోసినచో 56 లీటర్ల నీరు పట్టును. అందు రెండు చిన్న చేపలును, పుట్టగొడుగు పగడములు కొన్నియు, బొత్తాముల వంటివి కొన్నియు నున్నవి. ఉప్పదనము కొలుచు సాధనమును రొయ్యల చెరువులవారి యొద్ద ఎరువు తెచ్చుకొందుము. లీటరునకు సుమారు 35 గ్రాముల యుప్పు ఉండవలెను. తొట్టితో వచ్చిన దీపము మాత్రము వట్టి తెల్లని పట్టీ. చేపలు మనకు కనబడుటకు చాలును గాని మఱి దేనికిని చాలదు.

పగడము చూచుటకు పువ్వువలె నుండును గాని అది జంతువు. అయినను దాని దేహమున కంటికి కానరాని నాచుమొక్కలు కాపురముండును. అవి వెలుతురుతో ఆహారము వండి యింటివానికి పెట్టును. యింటివాడు వానికి చోటును ఎరువును ఇచ్చును. వెలుతురు తగ్గినచో వంట తగ్గును. మా బొత్తాములు కాడలు సాగి, పైకి మెడలు చాచి, రంగు వెలిసి గోధుమవన్నెకు దిగినవి. మా అత్తగారు చూచి, "నీళ్లలో ఉన్నదానికి దీపమేమిటమ్మాయ్, విడ్డూరం కాకపోతే!" అనిరి. చావడి నీడలో పెట్టిన తులసి పొడుగై పాలిపోవుటను జ్ఞాపకము చేసితిమి. ఆవిడ కొంతసేపు తొట్టివంక చూచి, "అయితే దాని ఉసురు మనకెందుకు, కొనండి" అనిరి.

కొనుట యన మాటలతో నగునా? బకాయిలలో వచ్చిన సొమ్మునుండి మా వారు పది వేల రూపాయలు గ్రైండరునకై మా చేతికిచ్చియుండిరి. అవియే ఆధారము. తొట్టిని ఎవరికైన నిచ్చివేయుదమని మా వారును, ఇచ్చిన అన్నము మాందుమని పెద్దవాడును. పగడములను కొనితెచ్చినది మేము కాము. కాని యింట నున్న ప్రాణిని కళ్లయెదుట వాడనిచ్చుట మాకు సమ్మతము కాలేదు.

రాజమహేంద్రవరమున నొక యంగడివాడు మాకు మూడు విధములు చూపెను. మొదటిది మెటల్ హాలైడు దీపము. 150 వాట్లది దినమునకు తొమ్మిది గంటలు వెలిగినచో నెలకు 40 యూనిట్లు కాలును. దాని వేడియు తక్కువ కాదు. కోనసీమ వేసవిలో ఇంకను వేడి కొని తెచ్చుకొందుమా? రెండవది సన్నని గొట్టపు దీపములు. వెలుతురు సమముగ పరచుటలో వానికి సాటి లేదు, నిజమే. కాని యేడాది తిరుగకమున్నే వాని సత్తువ తగ్గును, మార్చవలెను; అందు పాదరసము కూడ నుండును. మూడవది ఎల్.ఇ.డి. నీలివెలుగు నిచ్చు ఎల్.ఇ.డి.ని సాధించినందులకే ఆకసాకి, అమానో, నకామురా యను మువ్వురు జపానులో పుట్టిన శాస్త్రజ్ఞులకు 2014లో భౌతికశాస్త్రపు నోబెలు బహుమానము వచ్చెను. సముద్రమున ఎఱుపు పైపైననే హరించిపోవును. నీలిమయే లోతునకు దిగును. పగడములోని నాచునకు నీలి వెలుగే ప్రధానాహారము. కావున మాకు ఎల్.ఇ.డి. యే తగునని తోచెను.

అయితే ఎంత బలము గలది? ఇచటనే అంగడివాని మాట జాగ్రత్తగ వినవలెను. "పెద్దది తీసుకోండమ్మా, రేపు కొమ్మల పగడాలు కూడా పెంచుకోవచ్చు" అని అతడు బహు విధముల చెప్పెను. మొక్కలకు పనికివచ్చు వెలుతురును చదరపు మీటరునకు సెకనుకు ఇన్ని మైక్రోమోలులని కొలుతురు. నడినెత్తి యెండ సుమారు 2000 ఉండును. మా పుట్టగొడుగులకును బొత్తాములకును 50 మొదలు 100 వఱకు చాలును. కొమ్మల రాతిపగడములకు 200 పైబడి కావలెను. ఆ రాతిపగడములో, అవి 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి యనుబంధమున చేర్పబడినవి. నల్లపగడము, నిప్పుపగడము, సముద్రపు విసనకఱ్ఱలును వానితోడివే. మన సముద్రమునుండి వానిని తీయుటయు అమ్ముటయు నేరము. అనగా అధికబలము గల దీపము, మనము ఇంట నుంచుకొనరాని వానికొఱకు! తలుపు చేయని గదికి తాళము కొనుట వంటిదది. 1998, 2010, 2016లలో లక్షదీవుల పగడములు వేడికి వెలవెలబోయినవి. 2024 ఏప్రిలులో ప్రపంచమంతటను నాలుగవసారి ఆ యుపద్రవము వచ్చినదని శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అట్టి దినములలో కొమ్మను విఱచి తెచ్చి గాజులో నుంచు ముచ్చట మాకు వలదు.

50 వాట్ల చిన్న దీపమును, తెలుపును నీలమును వేర్వేఱుగ తగ్గించి హెచ్చించుకొను మీటలు గలదానిని, ఏడు వేలకు కొంటిమి. నిండుగ వెలిగించినను నెలకు 13½ యూనిట్లకు మించదు. వెలుతురు కొలుచు లక్సు యంత్రము నీలమును చాలినంత లెక్కింపదు గనుక దానిని నమ్మలేదు. ప్రాణియే మాకు కొలమానము: కాడ సాగినచో చాలలేదని, ముడుచుకొని తెల్లబారినచో ఎక్కువైనదని.

మిగిలిన మూడు వేలలో కొంత పెట్టి, కరెంటు పోయినను బ్యాటరీతో గాలి యూదు యంత్రమును కొంటిమి. నిజమునకు దీపము కన్న నిదియే ముందు కొనదగినది. 1996 నవంబరు తుపానును చూచిన యీ సీమవారికి వివరింప నక్కఱలేదు. రెండు మూడు దినములు చీకటిలో నున్నను పగడము ఓర్చుకొనును. నీరు కదలక, గాలి కలియక యున్నచో ఒక్క రాత్రికే చేపలు తేలును.

ఇంట పిల్లలున్న సోదరీమణులకు రెండు మాటలు చెప్పవలెను. బొత్తాము పగడములలో కొన్నింట పాలిటాక్సిను అను దారుణమైన విషముండును. చేతితొడుగులు లేక ముట్టరాదు, కంటికి చిమ్మనీయరాదు, అవి యున్న రాతిని వేడినీట ఉడికింపనే రాదు. ఇక దీపపు తీగ గోడకు పోవుటకు ముందు కొంత క్రిందికి వ్రేలాడవలెను. అపుడు తీగవెంట జారిన ఉప్పునీరు ప్లగ్గులోనికి పోక నేలకు కారును. వేసవిలో నీటిమీదికి చిన్న విసనకఱ్ఱ తిప్పి 27 డిగ్రీలకు మించకుండ చూచుకొనుచున్నాము. ఆవిరైన నీటికి బదులు మంచినీరే పోయవలెను; ఉప్పు ఆవిరి కాదు గదా.

దీపము తెచ్చిన దినముననే నిండుగ వెలిగింపలేదు. చీకటిగదినుండి ఎండలోనికి వచ్చినచో మనకును కన్నులు చెదరును. మొదటివారము నూటికి 20 పాళ్లు, ఆపై వారమునకు 5 చొప్పున పెంచి ఇప్పటికి 40కి వచ్చితిమి. ఉదయము పదింటినుండి సాయంత్ర మేడింటివఱకు వెలుగును. రాత్రి కేవలము నీలము వెలిగించి ఆకుపచ్చని మెఱుపులు చూడవలెనని పిల్లలు మారాము చేయుదురు. అర్ధగంట యనుమతింతుము, అది మన కన్నులపండువకే గాని పగడమునకు గాదు. బొత్తాములు కుఱుచనై దగ్గరగ విచ్చుచున్నవి. ఒక పుట్టగొడుగు మాత్రము ముడుచుకొనగా, దానిని రాతి నీడకు మార్చితిమి. గ్రైండరు సంగతి సంక్రాంతికి చూతమని మా వారనిరి. అంతవఱకు గారెల పిండిని పెరటి రోటనే రుబ్బుచున్నాము.