ఫ్రిస్క్ వచ్చాడా, వచ్చిందా?

2015లో వచ్చిన ‘అండర్‌టేల్’ గేమ్‌లో మనం ఆడించే చిన్నారి ఫ్రిస్క్ అబ్బాయా, అమ్మాయా? చారల స్వెటరూ, మెడదాకా జుట్టూ ఏ వైపూ మొగ్గవు. ఇక మిగిలిన సాక్ష్యం మాటలే. ఫ్రిస్క్ గురించి మాట్లాడేటప్పుడు ఇతర పాత్రలు ఇంగ్లీషులో ‘హీ’, ‘షీ’ అనవు, ‘దే’ అంటాయి. ఆడేవాళ్లు తమను ఊహించుకోవడానికే ఆ ఖాళీ అంటారు కొందరు. ఒప్పుకోవచ్చు గానీ, మొదట్లో మనం పెట్టే పేరు ఫ్రిస్క్‌ది కాదు, అంతకుముందే కథ జరిగే పాతాళంలో పడ్డ మరో బిడ్డది. ఎవరినీ చంపకుండా చివరిదాకా ఆడితే ఫ్రిస్క్ అసలు పేరు బయటపడుతుంది. సొంత పేరున్న మనిషి మన ముసుగు ఎలా అవుతారు? కాబట్టి ఆ ‘దే’ మరచిపోయిన వివరం కాదు, కావాలని రాసిందే. తెలుగులో చెప్పబోతేనే చిక్కు. ‘వచ్చాడు’, ‘వచ్చింది’ ఏదో ఒకటి తేల్చమంటాయి. ‘వచ్చారు’ సరిపోతుంది గానీ, చిన్నపిల్లలకు అంత మర్యాదా!