వంటింట్లోకి వచ్చిన ఆర్కిటెక్ట్

1999 జనవరిలో అమెరికాలోని టార్గెట్ దుకాణాల్లో టోస్టర్లు, టీ కెటిళ్లు, గరిటెలు, గడియారాలు కొత్త రూపంలో అమ్మకానికి వచ్చాయి. వాటిని రూపుదిద్దింది మైకేల్ గ్రేవ్స్. ప్రిన్స్‌టన్‌లో ప్రొఫెసర్. 1982లో పోర్ట్‌లాండ్‌లో రంగురంగుల ప్రభుత్వ భవనం కట్టి, మెచ్చినవాళ్లతో పాటు మండిపడ్డవాళ్లనూ సంపాదించుకున్న ఆర్కిటెక్ట్. అంతటివాడికి గరిటెల పనేమిటని అనిపించవచ్చు.

వంటిల్లు ఆయనకు కొత్త కాదు. 1985లో ఇటలీ కంపెనీ అలెస్సీకి చేసిన కెటిల్‌తోనే ఇంటింటా పేరు తెచ్చుకున్నారు. దానికి నీలం పిడి, మూతి దగ్గర ఎర్రటి చిన్న పిట్ట. నీళ్లు మరిగితే ఆ పిట్టే ఈల వేస్తుంది. ధర మాత్రం వంద డాలర్ల పైమాటే. ముచ్చటపడ్డవాళ్లలో కొనగలిగింది కొందరే.

టార్గెట్‌తో స్నేహం కలిసింది ఒక పరంజా దగ్గర! వాషింగ్టన్ మాన్యుమెంట్ మరమ్మతులకు డబ్బిచ్చిన సంస్థల్లో టార్గెట్ ఒకటి. 555 అడుగుల ఆ స్తంభం చుట్టూ కట్టే పరంజాను గ్రేవ్స్ చేతికిచ్చారు. ఆయన దానికి నీలిరంగు పలచని బట్ట చుట్టి, రాళ్ల అతుకుల్లాంటి గీతలు తీర్చి, రాత్రిళ్లు దీపాలతో వెలిగేలా చేశారు. మరమ్మతు కోసం కట్టినదాన్ని జనం చూడటానికి వచ్చారు. పరంజానే ఇంత అందంగా చేసిన మనిషి మామూలు ఇళ్లలోని సామాన్లను ఎందుకు చేయకూడదని టార్గెట్‌కు గొప్ప ఆలోచన తోచింది.

పేరున్నవాడి సంతకాన్ని పెట్టె మీద అచ్చేసి అమ్ముకునే ఒప్పందాలు చాలానే ఉంటాయి. ఇది ఆ బాపతు కాదు. అరచేతి నిండా పట్టు దొరికే గుండ్రటి పిడులు, చూడగానే చిరునవ్వు తెప్పించే ఆకారాలు, మధ్యతరగతికి అందే ధర. మూడూ ఒకే వస్తువులో కుదరాలంటే గీసేవాడికీ అమ్మేవాడికీ ఓపిక ఉండాలి.

2003లో ఇన్‌ఫెక్షన్ సోకి గ్రేవ్స్‌కు ఛాతీ కింది భాగం చచ్చుబడింది. ఆసుపత్రిలో చక్రాల కుర్చీలో కూర్చుని గడ్డం గీసుకుందామంటే కుళాయి అందలేదు, అద్దంలో ముఖం కనబడలేదు. ఆ కోపంలోంచే తర్వాత రోగుల కుర్చీలు, ఆసుపత్రి గది సామగ్రి పుట్టాయి. టార్గెట్ ఆయన్ను వదల్లేదు, ఆయనా గీయడం మానలేదు. 2006లో మినియాపోలిస్ కళా మ్యూజియానికి టార్గెట్ పేరుతో కొత్త విభాగం తెరిస్తే, దాని ఆర్కిటెక్టూ గ్రేవ్సే.

2012లో ఒప్పందం ముగిసేనాటికి ఈ జోడీ రెండువేలకు పైగా వస్తువులు తెచ్చింది. గ్రేవ్స్ 2015లో కన్నుమూశారు. ఆయన కట్టిన భవనాల మీద తగవు ఇంకా తెగలేదు గానీ, ఈ సామాన్ల విషయంలో తీర్పు కొన్నవాళ్లు ఎప్పుడో ఇచ్చేశారు.