ముందు గోడ నాలుగు వాటాలది

చిట్యాలలో మా మేడ తాత కట్టించింది. ఇటుకలు, డంగు సున్నం. తాత పోయాక అది నాలుగు వాటాలైంది. లోపల ఎవరి గోడలకు వాళ్లు రంగులేసుకున్నారు. బజారు వైపు ముందు గోడ మాత్రం అందరిదీ. అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పిట్టగోడ సందులో రావి మొక్క మొలిచింది. పైకప్పు తూము ఆకులతో పూడిపోయి వాన నీళ్లన్నీ గోడ మీంచే కారేవి. పాత సున్నం అక్కడక్కడ రాలితే పెద్దవాళ్లు పైనుంచి కిందిదాకా సిమెంటు కొట్టించారు. కొన్నేళ్లు గోడ కొత్తగా మెరిసింది.

2020 అక్టోబరు 13న హైదరాబాద్‌ను ముంచిన వాన మా దగ్గరా దంచికొట్టింది. తెల్లారేసరికి కిటికీ సజ్జ మీది సిమెంటు పూత మంచమంత పెచ్చుగా ఊడి అరుగు మీద పడి ఉంది. అదే అరుగు మీద పొద్దున్నే పిల్లలు కూర్చుంటారు. అది తలచుకుంటే నాకిప్పటికీ గుండె దడ.

పెద్ద మేస్త్రిని పిలిపించాం. ఆయన సుత్తి పిడితో గోడంతా కొట్టుకుంటూ పోయాడు. గట్టిగా ఉన్నచోట టంగుమంది, విడిపోయినచోట బొదబొదమంది. సగం గోడ బోలే. పెచ్చు వెనకవైపు నాకు చూపించాడు. తెల్లగా ఉప్పు పూసి ఉంది. ఇటుకల మధ్య సున్నాన్ని వేలితో గీకితే పిండిలా రాలింది.

“నీళ్లు పైకెళ్లి లోపటికి దిగినయి బిడ్డా. సున్నమైతే ఆరనిస్తది. సిమెంటు బయటికి పోనియ్యదు. లోపట్నే నాని గోడను తింటది,” అన్నాడు.

అంతకు ముందటేడు మే నెలలో చార్మినార్ మినారు నుంచి సున్నపు పూత పెచ్చు ఊడి పడినప్పుడు హైదరాబాదంతా గగ్గోలైంది. 1591 నాటి కట్టడం కాబట్టి దాన్ని చూసుకోను పురావస్తు శాఖ ఉంది. మామూలు ఇళ్లకు ఆ దిక్కు లేదు. మన పల్లెల్లో, బస్తీల్లో ఇలాంటి మేడలు ఎన్నో సిమెంటు కింద మెత్తబడుతున్నాయి.

సిమెంటంతా దించేశాం. రావి మొక్కను పైకి తెంపితే మళ్లీ మొలుస్తుందని, రెండు వరసల ఇటుకలు విప్పి వేరుతో సహా తీశాడు మేస్త్రి. గుంటలో నానబెట్టిన సున్నంలో ఇసుక, బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు కలిపి పలుచగా పొరలు పొరలుగా పూశాడు. త్వరగా ఎండితే పగులుతుందని తడిపిన గోనెసంచులు కప్పించాడు. సిమెంటులా మర్నాటికే గట్టిపడదు. గాలి తగిలి మెల్లగా బిగుస్తుంది. ఆ ఓపిక మా ఇంట్లో అందరికీ లేదు.

ఖర్చు నాలుగు వాటాలకూ పంచాం. మేడ మీది చిన్నాయన ఒప్పుకునేసరికి దీపావళి దాటింది. తూము ఆయన వాటాలోనే ఉంది. ఏటా వానలకు ముందు దాని పూడిక తీయించే పూచీ ఆయనే తీసుకున్నాడు.