మా యింటి కంప్యూటరు



దీప మారిపోయినచో మనము మొదట ప్రమిదలో చమురున్నదో లేదో చూతుము. పిదప వత్తిని ఎగద్రోయుదుము. అంతేగాని ప్రమిదను పెరటిలోనికి విసరివేయువారు లేరు. కంప్యూటరు విషయమున మాత్రము తెర నల్లబడినతోడనే యంత్రమే చచ్చిపోయినదని నమ్ముదుము. నేనును ఒకప్పుడు అట్లే నమ్మబోయితిని. నమ్మియుండినచో మా యింటికి ఎంత నష్టము కలిగియుండునో తలచుకొన్నప్పు డిప్పటికిని గుండె ఝల్లుమనును.

మా ఊరు ఉద్దానములో, పలాసకును సముద్రమునకును నడుమ నున్నది. జీడి, కొబ్బరి, పనస తోటలే మాకు జీవనాధారము. 2018వ సంవత్సరము వేసవిలో జీడిపిక్కలు అమ్మిన సొమ్ములో ముప్పదివేలు ప్రక్కకు తీసి, టెక్కలిలో ఇంజనీరింగు చదువులో చేరబోవుచున్న మా అమ్మాయికొరకు కంప్యూటరు కొనుటకు పోయితిమి. ఒళ్లో పెట్టుకొను ల్యాప్‌టాప్ కొనవలెనని మావారి యభిప్రాయము. మా అమ్మాయి మాత్రము, “బల్లమీది కంప్యూటరైతే ఏ భాగము చెడిన ఆ భాగమునే మార్చుకొనవచ్చును నాన్నా, ల్యాప్‌టాప్‌లో అట్లు చాలవరకు కుదరదు” అన్నది. ఆ మాట విలువ నాకు నాడు తెలియలేదు.

అంగడివాడు 27 అంగుళముల మానిటరు చూపి, సినిమా చూచుటకు దివ్యముగా నుండునని పొగడెను. పెద్దది గదా యని నేనును మురిసితిని. అప్పుడు మా అమ్మాయి నాకు బోధపడునట్లు చెప్పిన దేమనగా: తెర యనునది చుక్కల ముగ్గు. అక్కడ చూపిన పెద్ద మానిటరుకును చిన్న మానిటరుకును చుక్కలు సమానమే, అడ్డముగా 1920, నిలువుగా 1080. అవే చుక్కలను పెద్ద వాకిలిలో ఎడమెడముగా పెట్టినచో ముగ్గు పెద్దదగునేగాని దట్టముగా నుండదు.

ఈ సంగతి తెలుగు చదువువారికి మిక్కిలి ముఖ్యము. ఇంగ్లీషు అక్షరములకు వత్తులు లేవు. మన అక్షరములకు క్రిందను ప్రక్కను ఎన్ని వత్తులు! నేను ఆ రెండు తెరలమీదను ‘స్వాతంత్ర్యము’, ‘లక్ష్మి’ అను మాటలను ఒకే పరిమాణమున వేయించి చూచితిని. పెద్ద తెరపై వత్తులు గరుకుగా కనబడినవి; 22 అంగుళముల దానిపై తీర్చినట్లుండినవి. పిమ్మట ప్రక్కకు జరిగి చూచితిని. కొన్ని తెరలు ప్రక్కనుండి చూచినప్పుడు రంగు మారును. తుదకు తెల్లని పుట యొకటి, నల్లని పుట యొకటి వేయించి, చచ్చిన చుక్క లెచ్చటనైన నున్నవేమో వెదకితిని. బియ్యములో రాళ్లేరు కండ్లకు ఇది కష్టమైన పని కాదు. ఆ చిన్న మానిటరునే కొంటిమి. దాని కాలు పొట్టిది. మెడ వంచకుండునట్లు పై అంచు కంటి మట్టమునకు వచ్చువరకు క్రింద రెండు పనసపలకలు పెట్టితిమి.

అదే సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినది. తెల్లవారి చూచునప్పటికి మా తోటలో నిలిచిన చెట్లకంటె ఒరిగిన చెట్లే యెక్కువ. మా అత్తగారు కాపురమునకు వచ్చిన నాడు నాటిన జీడిచెట్టు వేళ్లతో పెకలి పడియున్నది. ఆమె దానిపై చేయివేసి చాలసేపు మాటాడక నిలుచున్నది. విద్యుత్ స్తంభములు వేలకొలది కూలుటచేత మా ఊరికి చాల దినములు కరెంటు లేదు. పైకప్పు పెంకులు లేచిపోయిన గదిలో కంప్యూటరు గోనెపట్టా కప్పుకొని కూర్చుండినది.

కరెంటు వచ్చినపిదప మీట నొక్కితిమి. లోపలి పంకా తిరిగినది గాని తెరపై ఏమియు రాలేదు. పట్టణములోని మరమ్మతుపనివాని యొద్దకు తీసికొనిపోగా, ఆయన మీట నొక్కి చూచి, మదర్ బోర్డు పోయినదనియు, తొమ్మిదివేలగుననియు చెప్పెను. ఆయన మోసగాడని నే ననను. ఆ దినములలో ఆయన గదినిండ మావంటివారి యంత్రములే. కాని మా యింట మిగిలిన సొమ్ము తోటలో తిరిగి నాటుటకు జీడి అంటుమొక్కలు కొనుటకై దాచినది. దానిని తీసినచో మరొక యేడు తోట బీడుగా నుండవలెను. తీయనిచో పిల్ల చదువు కుంటువడును. మా అమ్మాయి టెక్కలి నుండి ఫోనులో, “నాకు కంప్యూటరు వద్దమ్మా, మొక్కలు కొనండి” అన్నది. ఆ గొంతులోని దుఃఖము నాకు తెలియకపోలేదు.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. మరునాడు నేనే ఫోను చేసి, “నీ చదువులో నేర్పిన దేమిటో చెప్పు, నేను చేసి చూచెదను” అంటిని. అది చెప్పిన సూత్రము ఒక్కటే: వెలుపలి నుండి లోపలికి పోవలెను, ఒకసారికి ఒక్కదానినే మార్చవలెను.

మొదట గోడలోని ప్లగ్గునకు బల్లదీపము తగిలించితిని. వెలిగినది, కనుక కరెంటు సరియే. పిదప కంప్యూటరు నుండి వచ్చు కేబులును ఊడదీసి మానిటరును మాత్రము వెలిగించితిని. ‘సిగ్నల్ లేదు’ అను అర్థముగల ఇంగ్లీషు మాటలు తెరపై నిలిచినవి. ఎంత సంతోషమో! ఆ మాట చెప్పగలిగిన మానిటరు బ్రతికియున్నట్లే గదా. ఆ మాటయు రానప్పుడు, చీకటిగదిలో టార్చిలైటు ఏటవాలుగా వేసి చూడవలెననియు, బొమ్మ మసకగా కనబడినచో తెర వెనుకనుండు దీపము మాత్రమే పోయినట్లనియు మా అమ్మాయి చెప్పినది. మూడవది కేబులు. పొరుగింటివారి టీవీ కేబులు తెచ్చి మార్చితిని, ఫలము లేదు. కావున దోషము పెట్టెలోనే యున్నది.

పెట్టె ప్లగ్గు తీసివేసి, మీటను కొంతసేపు నొక్కిపట్టి, ఇనుప చట్రమును చేతితో తాకి, ప్రక్కపలక విప్పితిని. మా అత్తగారు గుమ్మములో నిలిచి, “ఏటమ్మా, డాక్టరు లేకుండానే కోసేస్తన్నావు?” అన్నది. లోపల చీమలు మట్టి తెచ్చిపెట్టినవి. ర్యామ్ అను మెమొరీ పలక, మన అరచేతికంటె కొంచెము పొడవైనది, నిలువుగా గ్రుచ్చియున్నది. రెండుకొనల చెవులను వంచి దానిని పైకి తీసితిని. అంచునగల బంగారుపూత పండ్లమీద మసక పొర కనబడినది. పొడిగుడ్డతో తుడిచి, పిల్లలు పెన్సిలుగీతలు చెరపు రబ్బరుతో మెల్లగా రాచి, తిరిగి గ్రుచ్చి, చెవులు రెండును ‘టిక్కు’మనువరకు నొక్కితిని. మీట నొక్కగా తెర వెలిగినది. వంటింటిలోనికి పరుగెత్తి, మావారిని పిలువబోయి, మాటరాక ఏడ్చితిని.

కారణము ఆలోచింపగా మన వంటింటిలోనే దొరకినది. వానకాలమున ఉప్పుజాడీలో నీరూరును గదా. సముద్రపు గాలిలోని ఉప్పు దేనిమీద పేరుకొన్నను అట్లే తేమను పిలుచుకొని లోహమును తినివేయును. ప్రతిదినము నడచు యంత్రము తన వేడిచేత తన తేమను తానే ఆర్చుకొనును. వాడక మూలబెట్టిన యంత్రమే చెడును. కావున తీరప్రాంతపు సోదరీమణులు వానకాలమున రోజునకు కొంతసేపైన కంప్యూటరును నడుపుట మంచిది.

మరియొక సంగతి. ఒకనాడు మా అత్తగారు పెట్టెను తాకి, “సిమసిమలాడతంది” అని చేయి వెనుకకు తీసికొన్నది. అది భూమితీగ సరిగాలేదని తెలుపు గుర్తు. మాది ఇసుకనేల, ఎండినచో కరెంటును భూమిలోనికి పోనీయదు. పనివానిని పిలిచి గోతిని లోతుగా త్రవ్వించి, బొగ్గును ఉప్పును వేయించితిమి. వేసవిలో తులసికోటకు నీరుపోయునప్పుడే ఆ గోతిలోనికి ఒక చెంబెడు పోయుదును. యు.పి.ఎస్. ఒకటి కొంటిమి గాని, అది పనిచేసుకొనుటకు కాదు. కరెంటు పోయినప్పుడు పది నిమిషములలో వ్రాసినదానిని భద్రపరచి యంత్రమును నెమ్మదిగా ఆపుటకు.

ధైర్యము మంచిదే గాని, హద్దు తెలియవలెను. కరెంటును మార్చియిచ్చు ఇనుపడబ్బాను, మానిటరు వెనుకభాగమును ఎన్నడును విప్పరాదు. ప్లగ్గు తీసినను వానిలో విద్యుత్తు నిలిచియుండును. అచ్చట పనివానినే నమ్మవలెను.

దాచిన సొమ్ముతో 2019 తొలకరిలో అంటుమొక్కలు నాటితిమి. 2020 మార్చిలో కరోనా వలన కళాశాలలు మూతపడినప్పుడు మా అమ్మాయి ఆ కంప్యూటరు ముందే కూర్చుండి పాఠములు వినినది. ఆ యంత్రమును నాడు వదలుకొని యుండినచో ఏమయ్యెడిదో! 2022లో దాని చదువు ముగిసినది. అదే వేసవిలో క్రొత్తచెట్లు తొలిపిక్కలు రాల్చినవి. మరుసటి యేడు ఒకనాడు కంప్యూటరులో వెబ్‌సైటులేవియు తెరచుకొనలేదు. తేదీ చూడగా కొన్నేండ్లు వెనుకకు పోయియున్నది. బోర్డుమీది బిళ్లబ్యాటరీ తీరిపోయినదని గ్రహించి, కాశీబుగ్గలో క్రొత్తది తెప్పించి నేనే మార్చితిని. ఈసారి ఎవరికిని ఫోను చేయలేదు.

ఇప్పుడు మా అమ్మాయి విశాఖపట్టణములో ఉద్యోగము చేయుచున్నది. మొన్న సంక్రాంతికి వచ్చి, “అమ్మా, ఇది పాతబడినది, క్రొత్తది కొనిపెట్టెదను” అన్నది.

“ఇది చచ్చినప్పుడు కొందువుగాని. చచ్చినదో లేదో మాత్రము మొదట నేను చూచి చెప్పెదను” అంటిని.