మెలట్టూరులో చీరె, మీసం

తంజావూరులో బస్సెక్కి పొలాల మధ్యగా సుమారు 18 కిలోమీటర్లు పోతే మెలట్టూరు వస్తుంది. పైకి చూడ్డానికి అది తక్కిన తమిళ గ్రామాలవంటిదే. అయితే ఏటా నృసింహ జయంతికి అక్కడి వరదరాజ పెరుమాళ్ కోవెల ముందర తెల్లవారేదాకా తెలుగు నాటకం ఆడతారు. దానికి భాగవతమేళ మని పేరు. మా సంఘంవారం నాలుగు కుటుంబాలు కలిసి ఆ ముచ్చట చూచి వచ్చాము.

విజయనగరం చెడిన పిమ్మట దక్షిణానికి వలస వచ్చిన తెలుగు బ్రాహ్మణులకు తంజావూరు నాయకరాజు అచ్యుతప్ప నాయకుడు ఈ ఊరిని దానమిచ్చాడని చెబుతారు. ఆయన పేరనే దీనికి అచ్యుతాబ్ధి అని పాతపేరు కలదు. 18వ శతాబ్దిలో ఇక్కడ పుట్టిన వెంకటరామశాస్త్రి గారు ప్రహ్లాద చరిత్రము, ఉషాపరిణయము మొదలైన నాటకాలు తెలుగులో వ్రాశారు. నేటి నటులు ఇళ్ళలో తమిళం మాట్లాడినా రంగంమీద పలికేది ఆ తెలుగే.

ఈ మేళంలో ఆడవేషాలు మగవారే కట్టడం ఆచారం. ఆనాటి సాయంకాలం వేషాలు వేసుకునేచోట మేము కాసేపు నిలబడ్డాము. లీలావతి పాత్రధారి నడివయస్సు మనిషి. మీసం తీసేసి, సవరంతో జడ వేయించుకొని, చీరె కుచ్చిళ్ళు అడుగు వేయడానికి వీలుగా సర్దుకొని, వడ్డాణం బిగించుకున్నాడు. ప్రక్కనే హిరణ్యకశిపుడికి కిరీటం, భుజకీర్తులు, గుబురు మీసం అమరుస్తున్నారు. ఆ ఇద్దరూ అంతకు ముందే మాతోపాటు కాఫీ త్రాగినవారు, నడకలో ఏ తేడా లేనివారు. వేషం పూర్తయ్యేసరికి చీరె కట్టినవాని అడుగు చిన్నదైంది, మీసం పెట్టినవాని అడుగు బారెడైంది.

నేటి నాట్యపు దుస్తుల సంగతి కొంచెం చెప్పాలి. భరతనాట్యానికి ఇప్పుడు మనం చూసే కుట్టుదుస్తులు 1930 దశకంలో రుక్మిణీదేవి అరుండేల్ గారు రూపుదిద్దినవి. దర్జీ దగ్గర తిరగవేసి చూడండి. ఆడపిల్లదైనా మగపిల్లవానిదైనా అడుగున ఉండేది కాళ్ళు వేరువేరుగా కుట్టిన పైజామాయే. మోకాళ్ళు ప్రక్కలకు వంచి అరమండిలో నిలవాలంటే అదే అనుకూలం. తేడా అంతా పైన ఉన్నది. అమ్మాయికి రవికె, పైట, విసనకర్రలా విచ్చుకునే కుచ్చిళ్ళు. అబ్బాయికి ఒట్టి రొమ్ముమీద హారాలు, నడుముకు ఉత్తరీయం. కాళ్ళకు కావలసింది ఇద్దరికీ ఒక్కటే. కళ్ళకు కావలసిందే వేరు.

ఈ సంగతి మాకు పట్టడానికి కారణముంది. మాతో వచ్చిన ఒకరి అమ్మాయి ఏడేళ్ళుగా కూచిపూడి నేర్చుకుంటున్నది. మా సంఘం పండుగకు ప్రహ్లాద కథ వేయదలచి మాస్టారు ఆమెకు హిరణ్యకశిపుని పాత్ర ఇచ్చారు. నాయనమ్మగారు ససేమిరా అన్నారు.

“ఆడపిల్ల మూతికి మీసమా? రేపు సంబంధానికి వచ్చేవాళ్ళు ఆ ఫోటో చూస్తే ఏమనుకుంటారు?”

ఆ రాత్రి లీలావతి కొడుకు కోసం దుఃఖిస్తుంటే అందరికన్నా ముందు కన్నీరు పెట్టుకున్నది ఆవిడే. తిరుగు బస్సులో కోడలు మెల్లగా అడిగింది:

“అత్తయ్యా, రాత్రి మీరు ఎవరిని చూచి ఏడ్చారు?”

“లీలావతిని చూచి.”

“ఆయన మగవాడు గదండీ.”

“అది స్వామి ఎదుట ఆడేది, తరతరాల ఆచారం. మన పిల్ల సంగతి వేరు.”

పెద్దావిడ మాటను మేము తోసిపుచ్చలేము. ఆచారమనే గౌరవం ఆ చీరెకు ఉన్నది. ఈ మీసానికి ఇంకా రాలేదు. అయినా కూచిపూడి సంగతి చూడండి. అదీ ఒకనాడు మగవారి మేళమే. సత్యభామ వేషానికి వేదాంతం సత్యనారాయణశర్మ గారు దేశమంతా పేరుపొందారు. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ నెలకొల్పి ఎందరో ఆడపిల్లలకు నేర్పారు. ఆయన శిష్యురాలు మంజుభార్గవి పురుషపాత్రలకు పేరుపొందారు. ఇప్పుడు ఆ నాట్యం నేర్చేవారిలో ఆడపిల్లలే ఎక్కువ. పురుషపాత్రలన్నీ వారికి వద్దంటే సగం కథలు మూలబడతాయి. మగవాడు చీరె కడితే భక్తి, ఆడపిల్ల మీసం పెడితే అప్రతిష్ఠ అనడం మాకు న్యాయంగా తోచలేదు.

బస్సు తంజావూరు చేరేలోగా నాయనమ్మగారు ఒక మెట్టు దిగారు.

“అంటించే మీసం మాత్రం వద్దు. కాటుకతో సన్నగా గీసుకోనీ.”

అమ్మాయి సన్నమీసానికి ఒప్పుకోలేదు. కాటుకే గాని గుబురుగా ఉండాలట! ఆ బేరం ఇంకా తెగలేదు.

నృసింహ జయంతి వైశాఖ శుద్ధ చతుర్దశినాడు వస్తుంది. తంజావూరులో బస చేసి సాయంకాలానికి మెలట్టూరు చేరుకోవచ్చును. పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను, పెద్దలను కూడా వెంటబెట్టుకొని వెళ్ళిరండి.