ముళ్ళమీద కాపురం
ముళ్ళచెట్టు ఇంట్లో వుండకూడదంటారు మనవాళ్ళు. టూసాన్‌లో మా పెరట్లో చోయా కాక్టస్ వుంది మరి! పక్కనుంచి వెళ్తే చాలు, ముక్క విరిగి బట్టలకు అంటుకుంటుంది. కోయించేద్దామంటారు మావారు.

ఈలోగా కాక్టస్ రెన్ అనే పిట్ట (1931 నుంచి అరిజోనా రాష్ట్రపక్షి లెండి) దాని నడుమ గడ్డితో పక్కవాకిలి గూడు అల్లేసింది. ఆడపిట్ట సుమారు 16 రోజులు గుడ్లు పొదుగుతుంటే, మొగపిట్ట ఇంకో గూడు మొదలెట్టింది!

దగ్గరికెళ్తే తల్లి బెదురుతుందని వంటింటి కిటికీలోంచే ఫొటోలు తీశాను. పిల్లలు పడలేదు. నోట మిడతతో, ముళ్ళమధ్య తల్లి పడింది. అది చూసి మావారు, "పిల్లలు ఎగిరిపోనీలే" అన్నారు.

3 వారాలకు ఎగిరాయి. కానీ ఈ పిట్టలు ఏడాది పొడుగునా గూళ్ళలోనే రాత్రిళ్ళు పడుకుంటాయే! ఆ సంగతీ చెప్పాను. రంపం మాట మళ్ళీ ఎత్తలేదాయన.